కాలువలో గుర్రపుడెక్క తీయడానికి నాలుగు ఊళ్లకి ఒకే సంఘం అంటున్నారు, సభలో ఏం అడగాలి?

శివారు రైతు (బాపట్ల జిల్లా)

అందరికీ నమస్కారం. మాది కృష్ణా పశ్చిమ డెల్టా, కొమ్మమూరు కాలువ కింద శివారు పొలాలు, అంటే నీళ్లు చివరగా అందేవి. కాలువకి నీళ్లొదిలిన ప్రతి ఏడూ మా దగ్గర ఒకటే గొడవ. పై ఊళ్లలో నాట్లు అయిపోయి కలుపు కూడా తీస్తుంటారు, మాకు ఇంకా నారుమడికే నీళ్లు అందవు. నీళ్లు చాలక కాదు. మా పంట కాలువలో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గుర్రపుడెక్క పట్టేసి, దానికి తూటికాడ అల్లుకుని, వంతెనల దగ్గరా తూముల దగ్గరా మేటేసి నీళ్లని కదలనివ్వదు.

ఇన్నాళ్లూ ఎవరి ఊరి మేర వాళ్లు తీసుకుంటున్నారు. తీయడం అంటే గెడలతో కిందికి నెట్టేయడమే. పై ఊరు నెట్టింది మా వంతెన దగ్గర ఇరుక్కుంటుంది, మేం నెట్టింది కింది ఊరి తూముకి అడ్డం పడుతుంది, వాళ్లు కర్రలు పట్టుకుని గట్టు మీదకి వస్తారు. పోయిన ఏడాది చేయి చేసుకునేదాకా వెళ్లింది.

ఇప్పుడు నాలుగు ఊళ్ల పెద్దలు కలిసి కలుపు నివారణకి ఒక ఉమ్మడి సంఘం పెడదామంటున్నారు. ఎకరానికి ఇంత అని వసూలు చేస్తారు, ఎవరైనా తమ బోదె (పొలానికి నీళ్లు తెచ్చే పిల్లకాలువ), తమ గట్టు శుభ్రం చేసుకోకపోతే సంఘమే చేయించి ఖర్చు వాళ్ల దగ్గర రాబడుతుంది. పొలాల మురుగునీరు పోయే డ్రెయిన్ కూడా ఇందులోకే వస్తుందట. ముందు అన్ని ఊళ్ల రైతుల్నీ పిలిచి సభ పెట్టి అభ్యంతరాలు వింటారు, వచ్చే ఆదివారం పొద్దున మా ఊళ్లో. నాకు ఈ ఆలోచన నచ్చింది. కానీ ఒకసారి వసూలు మొదలయ్యాక ఆపడం మన వల్ల కాదు కాబట్టి, సభలో ముందే ఏవేవి తేల్చుకోవాలో చెప్పండి. ఇలాంటిది ఎక్కడైనా చూసినవాళ్లుంటే మరీ మంచిది.

పాత ఏఈ

బాబూ, నేను డెల్టాలోనే ఇరిగేషన్‌లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా చేసి రిటైర్ అయ్యాను. ముందు అడగాల్సిన ప్రశ్న, ఆ సంఘం ఏ చట్టం కింద నిలబడుతుంది అని. పెద్దలు కూర్చుని రాసుకున్న కాగితం ఎంత బాగున్నా, దాని మీద సంతకం పెట్టని రైతు దగ్గర రూపాయి రాబట్టలేరు. మొదటి పంటకి అందరూ ఇస్తారు, రెండో పంటకి సగం మంది ఇస్తారు, మూడో పంటకి డబ్బు లెక్క అడిగినవాడికీ చెప్పేవాడికీ గొడవ.

అసలు కొత్త సంఘం పెట్టక్కర్లేదు. 1997లో వచ్చిన రైతుల సాగునీటి యాజమాన్య చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు ఉన్నాయి కదా, 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు కూడా జరిగాయి. వాటి పరిధిని ఊరి పొలిమేరను బట్టి కాకుండా నీటి పారుదలను బట్టి గీశారు. మీ సమస్యకి కావాల్సింది సరిగ్గా అదే. గుర్రపుడెక్క పంచాయతీ సరిహద్దు చూసి ఆగదు. మీ నాలుగు ఊళ్లూ ఒకే సంఘం కిందకి వస్తే సరే, రెండు మూడు సంఘాలైతే వాటి పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ (కొన్ని సంఘాలకి కలిపి ఉండే కమిటీ) ఉంటుంది, అక్కడ కూర్చోండి. కాలువ నిర్వహణ వాళ్ల బాధ్యతే, రుసుము వేసే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టి, కలుపు పనికి ఒక ఉపసంఘం వేసుకుంటే నిలబడుతుంది.

డ్రెయిన్ సంగతి మాత్రం వేరు. అది మీ సంఘం చేతిలో ఉండదు, డ్రైనేజీ విభాగానిది. కాలువలో మీరు పీకుతుంటే డ్రెయిన్ నిండా అదే ఉంటుంది, వర్షం పడితే పొలాలు మునుగుతాయి. ఆ ఇంజనీరుని సభకి పిలవండి, రాతపూర్వకంగా పిలవండి, వచ్చినా రాకపోయినా మినిట్స్‌లో రాయించండి.

కౌలు రైతు

అన్నా, మీరందరూ 'రైతులు' అంటున్నారు, ఆ మాటలో మేమున్నామా లేమా? మా వైపు పొలాల్లో చాలా భాగం కౌలుకే సాగవుతుంది. ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడు, లేదా అమెరికాలో ఉంటాడు. సభకి పిలుపు పట్టా ఉన్నవాడికి వెళ్తుంది, ఆయన రాడు. ఎకరానికి ఇంత అని తీర్మానం అయిపోతుంది. కట్టేదెవరు? నేను. కౌలు బస్తాలు ఇచ్చి, పెట్టుబడికి వడ్డీ కట్టి, దీని మీద ఇంకొకటా?

పోనీ కడతాం, నీళ్లొస్తే మాకే మంచిది. కానీ వచ్చే ఏడాది ఆ పొలం నా దగ్గర ఉంటుందో లేదో తెలీదు. కాలువ బాగుపడితే 'శివారు కాదు, నీళ్లొచ్చే చేను' అని ఆసామి కౌలు పెంచుతాడు. అంటే డబ్బు నాది, లాభం ఆయనది. ఈ మాట సభలో ఎవరో ఒకరు పైకి అనాలి. నేను అంటే రేపు పొలం తీసేసుకుంటారు.

పాత ఏఈ

కౌలు రైతు తమ్ముడూ, నువ్వు అడిగింది న్యాయమైన మాట, దానికి చట్టంలోనే జవాబుంది. ఒకే భూమికి యజమానీ కౌలుదారూ ఇద్దరూ రికార్డులో ఉంటే, నీటి సంఘంలో సభ్యత్వం కౌలుదారుడిదే అని 1997 చట్టం చెప్తోంది. చిక్కేంటంటే రికార్డులో పేరుండాలి, అక్కడే మీ అందరూ ఆగిపోతారు. సాగుదారు హక్కు పత్రాల కోసం 2019లో చట్టం వచ్చింది, అయినా ఆసామి సంతకం దగ్గర భయం ఉంటూనే ఉంది.

అందుకే శివారు రైతు గారికి నా సలహా, సభలో రికార్డుతో సంబంధం లేకుండా ఆ సీజన్‌లో ఎవరు సాగు చేస్తుంటే వాళ్లకి మాట్లాడే అవకాశం ఇవ్వాలని మొదటి తీర్మానంగా పెట్టించండి. ఓటు ఎవరిదన్నది తర్వాత, ముందు మాట వినాలి కదా.

గుడివాడోడు (వాషింగ్టన్ రాష్ట్రం)

ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. నేనుండే అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో ఇదే పనికి చాలా పాత చట్టాలున్నాయి. 1929లోనే రైతులు అర్జీ పెట్టుకుని తమ ప్రాంతాన్ని 'వీడ్ డిస్ట్రిక్ట్'గా, అంటే కలుపు నివారణ పరిధిగా ప్రకటించుకునే చట్టం వచ్చింది. గ్రాంట్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అవి ఇప్పటికీ ఉన్నాయి. కొలంబియా నది మీద గ్రాండ్ కూలీ డ్యామ్ కట్టాక కాలువ నీళ్లతో సాగులోకి వచ్చిన ప్రాంతం అది, మన డెల్టా బాధలు వాళ్లకి బాగా తెలుసు, విత్తనం నీళ్లతోనే పొలానికొస్తుంది.

1969లో ఇంకో చట్టం చేసి ప్రతి కౌంటీకీ ఒక కలుపు నివారణ బోర్డు అన్నారు. అది పనిచేయకుండా పడి ఉంటే దాన్ని మొదలుపెట్టించే దారి కూడా రాశారు. కౌంటీలో 100 మంది ఓటర్లు సంతకాలు పెట్టి అర్జీ ఇస్తే 60 రోజుల్లోపు కౌంటీ పాలకులు బహిరంగ విచారణ జరపాలి. 'ఇక్కడ కలుపు నిజంగా నష్టం చేస్తోందా, బోర్డు అవసరమా' అన్నది ఆ విచారణలో తేలాలి. అవసరమని తేలితేనే బోర్డు. అందులో ఓటున్న సభ్యులు 5 మంది, కౌంటీని 5 భాగాలు చేసి ఒక్కో భాగం నుంచి ఒక్కరు, వాళ్లలో నలుగురు వ్యవసాయం చేసేవాళ్లే అయ్యుండాలి. పై ఊరివాళ్లే కుర్చీలన్నీ పట్టుకుంటారన్న భయం మీకుంటే ఈ భాగాల పద్ధతి పనికొస్తుంది.

డబ్బు విషయానికి మళ్లీ విడిగా సభ జరుగుతుంది. ఇది ముఖ్యం, రెండూ కలపరు. బోర్డు కావాలా వద్దా అన్నది ఒకటి, ఎవరి మీద ఎంత అన్నది ఇంకొకటి. భూముల్ని తరగతులుగా విడదీసి ఎవరికి ఎంత లాభమో చూసి రేటు పెడతారు. స్థలానికి ఇంత, పైన ఎకరానికి ఇంత, ఆస్తి పన్ను బిల్లులోనే కలిసి వస్తుంది, అంటే కట్టేది యజమానే. చెట్లు పెంచే అడవి భూములకి మామూలు రేటులో పదో వంతే.

అలాంటి ఒక సభకి నేను వెళ్లాను. మాట్లాడాలనుకున్నవాళ్లు లోపలికి వస్తూనే కాగితం మీద పేరు రాయాలి, ఒక్కొక్కరికి 3 నిమిషాలు. ఆవులు పెంచే ఒక ముసలాయన జిప్ కవర్లో మొక్క పట్టుకొచ్చాడు. ట్యాన్సీ రాగ్‌వర్ట్ అంటారు, పసుపు పూలు పూస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, మేసిన ఆవు లివర్ మెల్లగా పాడై చచ్చిపోతుంది. పీకేసిన తర్వాత కూడా ఆ పూలు విత్తనం కట్టేస్తాయి, అందుకే కవర్ మూతి టేపు వేసి అంటించాడు. విప్పి చూపించబోతే క్లర్కు అమ్మాయి వద్దని వారించింది. 'నేను కంచెకి ఇవతల పీకుతూ ఉంటాను, అవతల రోడ్డు వార సర్కారు స్థలంలో ఇది పూస్తూ ఉంటుంది, నాకు బిల్లు వస్తుంది, రోడ్డుకి రాదు' అని ఆయన గొడవ. మూడు నిమిషాలూ అదే చెప్పాడు. ఆ తర్వాతే రోడ్డు వార పూత రాకముందే కోయాలని, ఏ నెలలో కోస్తారో చెప్పాలని రికార్డులో ఎక్కించారు. ఆయన రాకపోతే ఆ వాక్యం ఉండేది కాదు.

పాలమూరు పత్తి

ఆ ముసలాయన చెప్పింది మా దిక్కు కూడా అంతే అన్నా. మాకు కాలువల్లేవు, వాన మీద పండే చెలకలు. మా శత్రువు వయ్యారిభామ, కాంగ్రెస్ గడ్డి అంటారు చూడండి, అదే. 1950ల్లో పుణె దగ్గర మొదట కనబడిందంటారు, బయటి నుంచి తెప్పించుకున్న గోధుమలతో విత్తనం వచ్చిందని చెప్తారు. ఇప్పుడు అది లేని రోడ్డు వార లేదు. ఒక్క మొక్క వేలకి వేలు విత్తనాలు రాలుస్తది. నేను నా చెలకలో పూత రాకముందే కూలీలతోని పీకిస్త, మా ఆవిడకి చేతులు దద్దుర్లు లేచి డాక్టర్ దగ్గరికి పోవాల్సి వచ్చింది. ఇంత చేస్తే మళ్ల వానకి రోడ్డు వార నుంచి కొట్టుకొచ్చి ఒడ్డెంబడి మొలుస్తది.

కర్ణాటకలో 1975లోనే దీన్ని హానికర కలుపుగా చట్టం కింద ప్రకటించిన్రు. జబల్‌పూర్ కలుపు పరిశోధన సంస్థోళ్లు ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామ వారం చేస్తరు. బడిపిల్లలు ర్యాలీ తీస్తరు, ఫోటోలు దిగుతరు. అది మంచిదే, కాదనను. కానీ ఎనిమిదో రోజు నుంచి రోడ్డు వారది ఎవరు పీకాలె? ఊరంతా కూర్చుని, ఇది పంచాయతీ వంతు, ఇది రోడ్లోళ్ల వంతు, ఇది నీ వంతు అని రాసుకోనంత కాలం ప్రకటన ప్రకటనలాగే ఉంటది. మీరు కనీసం సభ దాకా వచ్చిన్రు, ఇడిసిపెట్టకండి.

గట్టు మీద మనిషి

నేను ఒప్పుకోను. ఇంకో సంఘం అంటే ఇంకో కాంట్రాక్టు. మా దగ్గర ఏటా వేసవిలో కాలువ కట్టేశాక పూడిక, గుర్రపుడెక్క తీసే పనులు మంజూరవుతాయి. పని ఎప్పుడు మొదలవుతుంది? నీళ్లొదిలే వారం ముందు. పొక్లెయిన్ వచ్చి తీసింది తీసినట్టు గట్టు అంచునే పోస్తుంది, ఫోటో తీస్తారు, మొదటి వానకి అదంతా జారి మళ్లీ కాలువలో పడుతుంది. బిల్లు మాత్రం పూర్తిగా అవుతుంది. నేను కళ్లారా చూశాను, అడిగితే 'నీకెందుకు' అన్నారు. ఇప్పుడు దీనికి రైతు జేబులోంచి ఎకరానికి ఇంత అని కూడా వసూలు చేసి ఇస్తే, వాళ్ల పని ఇంకా సులువవుతుంది. నీటి తీరువా (నీటి పన్ను) కడుతున్నాం కదా, అందులోంచే చేయమనండి.

శివారు రైతు

గట్టు మీద అన్నా, మీ కోపం నాకూ ఉంది. కానీ తీరువాతో అవుతుందని ఇన్నేళ్లు కూర్చున్నాం, నారు ముదిరిపోయి పారేసుకున్నాం. మీరు చెప్పిన ఆ 'గట్టు అంచు' విషయం మాత్రం రాసుకున్నాను. తీసినది గట్టుకి ఎంత దూరంలో పోయాలో, ఎవరి స్థలంలో పోయాలో ముందే తేలితే తప్ప పని ఇవ్వకూడదని అడుగుతాను.

టీచరమ్మ

మీ చర్చలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటి. డెల్టాలో సగం ఊళ్లకి మంచినీళ్ల చెరువు నిండేది ఆ కాలువ నీళ్లతోనే. సంఘం పెట్టి డబ్బు చేతికొచ్చాక, కూలీ ఖర్చు ఎక్కువవుతోందని ఎవరో ఒకరు కలుపు మందు కొట్టేద్దాం అంటారు. రాసిపెట్టుకోండి, తప్పకుండా అంటారు. అది మా పిల్లలు తాగే నీళ్లలోకి వస్తుంది. మందు విషయం సభలోనే తేలాలి, తర్వాత కమిటీ గదిలో కాదు.

ఇంకొకటి, ఆదివారం పొద్దున అంటున్నారు. అప్పుడు కూలికి వెళ్లే ఆడవాళ్లు ఎంతమంది రాగలరు? గుర్రపుడెక్కలో నడుము లోతు దిగి పీకేది వాళ్లే, కాళ్లకి జలగలు పట్టేది వాళ్లకే, పాములకి భయపడేదీ వాళ్లే. కాలువలో చేపలు పట్టుకుని బతికేవాళ్లున్నారు, గేదెల్ని కడుక్కునేవాళ్లున్నారు. ఎకరం లేనంత మాత్రాన కాలువతో వాళ్లకి సంబంధం లేదా? సాయంత్రం ఇంకో విడత కూర్చోండి, వాళ్ల పేట దగ్గర.

అగ్రి బీఎస్సీ

టీచరమ్మ గారు చెప్పింది వంద శాతం నిజం. మందు గురించి నాకు తెలిసింది చెప్తాను. గ్లైఫోసేట్ అనే కలుపు మందుని లైసెన్స్ ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఊళ్లో ఎవడో స్ప్రేయర్ తగిలించుకుని కొట్టే మందు కాదది. 2,4-డి కొడదామంటారు, గుర్రపుడెక్క మీద పనిచేస్తుంది, కానీ గాలికి ఆ తుంపర పక్కనున్న పత్తి మీద, మిరప మీద పడితే ఆకు ముడుచుకుని చేను పోతుంది. పైగా మందుకి చచ్చిన గుర్రపుడెక్క ఎక్కడికీ పోదు, నీళ్లలోనే కుళ్లి అడుగుకి దిగుతుంది, నీళ్లలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి, పూడిక పెరుగుతుంది. తాగునీటి కాలువలో మందు వద్దనే తీర్మానం పెట్టించండి.

పురుగులతో చేద్దామన్నవాళ్లు కూడా ఉంటారు. నియోచెటినా అనే ముక్కు పురుగుల్ని 1980ల్లో మన దేశానికి తెచ్చి బెంగళూరు దగ్గర వదిలారు, కదలని చెరువుల్లో కొన్నేళ్లకి బాగా పనిచేశాయి. పారే కాలువలో, అదీ ఏటా ఎండగట్టే కాలువలో, వాటి మీద ఆశ పెట్టుకోకండి. మీ చెరువులకి అడగండి.

మీకు అసలు పనికొచ్చేది టైమింగ్. ఈ మొక్క మంచి ఎండలో రెండు వారాల్లో రెట్టింపవుతుంది. విత్తనం బురదలో 15, 20 ఏళ్లు బతికుంటుంది. అంటే ఒక్కసారి పొక్లెయిన్ పెట్టి తీసేసి 'అయిపోయింది' అనుకుంటే మూడు నెలల్లో మొదటికొస్తుంది. వేసవిలో ఒకసారి పెద్దగా తీయాలి, నీళ్లొచ్చిన మొదటి నెలలో చిన్న మొక్కల్ని చేత్తో ఏరాలి, ఆ తర్వాత నెలకోసారైనా చూడాలి. ఈ రెండో పనికి టెండర్ అక్కర్లేదు, ఇద్దరు ముగ్గురు మనుషులు, గెడలు చాలు. పై నుంచి కొట్టుకొచ్చేదాన్ని మీ పరిధి మొదట్లోనే తాడుకి కట్టిన వెదురు బొంగులతో ఆపి, ఒక్క చోటే గట్టెక్కించండి. సంఘం బడ్జెట్‌లో ఎక్కువ భాగం దీనికే పెట్టమని అడగండి, పెద్ద యంత్రానికి కాదు. తీసినది పొలం గట్ల అవతల గుంటలో వేసి పేడనీళ్లు చల్లితే ఎరువవుతుంది. పూత రాకముందు తీసినదైతే విత్తనం భయం ఉండదు.

గుంటూరు మిర్చి

ఒక ప్రశ్న. పక్క రైతు తన బోదె శుభ్రం చేయకపోతే సంఘం అతని పొలంలోకి దిగొచ్చా? మా పక్కాయన నాతో మాట్లాడడు, సంఘంలో ఆయన బావమరిది ఉన్నాడు. దీన్ని అడ్డం పెట్టుకుని కక్షలు తీర్చుకుంటారని నాకు టెన్షన్.

పాత ఏఈ

ఆ అధికారం ఊరికే రాదు. 1919 నాటి మద్రాసు తెగుళ్లు, చీడల చట్టం అని ఒకటుంది, అందులో హానికర కలుపు కూడా ఉంది, ఆంధ్ర ప్రాంతానికి వర్తిస్తుంది. దాని కింద ప్రభుత్వం ముందు నోటిఫై చేయాలి, ఆ తర్వాత అధికారి నోటీసు ఇవ్వాలి, చేయకపోతే చేయించి ఖర్చు రాబట్టాలి. అది పై నుంచి కిందికి వచ్చే పద్ధతి, రైతు సభతో పని లేదు. అందుకే ఊళ్లలో దాని పేరే ఎవరికీ తెలీదు. మీ సంఘం మాత్రం తన కాలువ గట్టు వరకే. సొంత పొలంలోకి దిగడం, జరిమానా వేయడం మొదటి ఏడాది పెట్టుకోవద్దని నా మాట.

గుడివాడోడు (వాషింగ్టన్ రాష్ట్రం)

మిర్చి గారూ, ఇక్కడ దిగొచ్చు, ఖర్చు ఆస్తి మీద బాకీగా కూడా వేయొచ్చు. కానీ అది చివరి మెట్టు. నాకున్న కొద్దిపాటి స్థలంలో ఆ పసుపు పూల మొక్క ఉందని ముందు ఉత్తరం వచ్చింది, తర్వాత ఒకమ్మాయి వచ్చి ఏ మొక్కో చూపించి, వేరుతో ఎలా లాగాలో చేసి చూపించి, వేయడానికి సంచులిచ్చి, ఫలానా తేదీలోపు చేయండని చెప్పి వెళ్లింది. అపరాధ రుసుము మాట ఉత్తరం చివర్లో ఉంది. మీ వాళ్లు జరిమానాతోనే మొదలుపెడితే సంఘం ఆ రోజే చచ్చిపోతుంది.

శివారు రైతు

సభ అయింది. చెప్తానన్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

జనం బాగానే వచ్చారు, పంచాయతీ ఆఫీసు చాలక వేపచెట్టు కింద కూర్చున్నారు. పాత ఏఈ గారు చెప్పినట్టు కొత్త సంఘం కాదు, నీటి సంఘం కింద ఉపసంఘం అన్నది పెద్దగా గొడవ లేకుండా ఒప్పుకున్నారు. తాగునీటి కాలువలో మందు కొట్టకూడదు అన్న మాట నేనే ఎత్తాను, వెనక నుంచి ఆడవాళ్లు గట్టిగా పలికారు, అది రాసేశారు. తీసినది గట్టు అంచున పోస్తే బిల్లు ఇవ్వకూడదు అన్నది కూడా రాశారు, ఇద్దరు ముగ్గురి మొహాలు మాడిపోయాయి. డ్రైనేజీ ఇంజనీరు రాలేదు, రాలేదనే రాయించాను. డ్రెయిన్‌కి ఇప్పుడు వసూలు లేదు, వాళ్లు తమ వంతు తేదీ చెప్పాకే.

అసలు తగువు రేటు దగ్గర వచ్చింది. పై ఊరి పెద్దాయన లేచి, 'మాకు నీళ్లు ఎలాగూ వస్తున్నాయి, లాభం శివారుకి, కాబట్టి శివారు వాళ్లే కట్టుకోవాలి, మేం సగం ఇస్తాం, అదీ మొహమాటానికి' అన్నాడు. గుడివాడోడు చెప్పిన తరగతుల పద్ధతి ఆయనకి ఎవరు చెప్పారో గానీ సరిగ్గా అదే వాదన తెచ్చాడు, ఎవరికి లాభమో వాళ్లే కట్టాలి అని. నాకు నోట మాట రాలేదు. అప్పుడు మా ఊరి చేపల సుబ్బయ్య, ఆయనకి సెంటు భూమి లేదు, వల పట్టుకుని కాలువ మీద బతికే మనిషి, లేచి నిలబడి 'అయ్యా, గుర్రపుడెక్క కింది నుంచి పైకి ఈదుకుంటూ రాదు. మీ వంతెన కింద పుట్టిందే మా తూము దగ్గరికి వస్తోంది. లాభం లెక్క వేసినవాళ్లు పంపినవాళ్ల లెక్క కూడా వేయాలి' అన్నాడు. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన కూర్చున్నాడు గానీ ఒప్పుకోలేదు.

రేటు తేలలేదు. దాని కోసం విడిగా ఇంకో సభ, ఈసారి పై ఊళ్లో, సాయంత్రం. కౌలు రైతు తమ్ముడి మాట కూడా చదివి వినిపించాను, పేరు చెప్పకుండా. రుసుము భూమి యజమాని పేరు మీదే వేయాలని, కౌలుదారు కడితే కౌలులోంచి మినహాయించుకునేట్టు రసీదు ఇవ్వాలని ఒకాయన అన్నాడు. అది కూడా వచ్చే సభకే.

కౌలు రైతు

చదివి వినిపించినందుకు దండం అన్నా. రసీదు మీద సాగుదారు పేరు కూడా ఉండాలని అడుగు. రేపు నా పేరు రికార్డులో ఎక్కడానికి అదొక్క కాగితమైనా ఉంటుంది.

గట్టు మీద మనిషి

బిల్లు షరతు పెట్టించారు కాబట్టి నా అభ్యంతరం సగం తగ్గింది. మిగతా సగం, లెక్కలు. ఎవరి దగ్గర ఎంత వసూలైంది, ఏ రోజు ఎవరికి ఎంత కూలి ఇచ్చారు, నెలనెలా పాల కేంద్రం గోడకి అంటించాలి. అది ఒప్పుకుంటే మా ఊరి నుంచి నేనే వచ్చి మాట్లాడతాను.

టీచరమ్మ

పై ఊరి సభకి మా బడి నుంచి మేమూ వస్తాం. సుబ్బయ్య గారిని కూడా తీసుకురండి, ఆటో ఖర్చు నేను చూసుకుంటాను.

పాత ఏఈ

శివారు రైతు గారూ, ఇప్పటిదాకా అయిన తీర్మానాల నకలు సంఘం అధ్యక్షుడి సంతకంతో తీసుకుని రేపే ఏఈ ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకోండి. రెండో సభ లోపు అది మీ చేతిలో ఉండాలి. రేటు విషయంలో పై ఊరి నుంచి మీ దాకా కాలువ వెంట ఒకసారి నడిచి, ఏ వంతెన దగ్గర ఎంత మేట ఉందో ఫోటోలు తీసి పట్టుకెళ్లండి, పై ఊరి రైతుల్ని కూడా వెంట తీసుకెళ్లండి. మీరొక్కరే నడిస్తే నమ్మరు.

శివారు రైతు

గురువారం నడుస్తున్నాం సార్. పై ఊరి నుంచి ఇద్దరు వస్తామన్నారు.